తొమ్మిదో అంశం: పెంపు లేదు

తెలుగు భాష చచ్చిపోతోందని బాధపడేవాళ్ళు ఒక్కసారి కాకినాడలో మా అపార్టుమెంటుకి రావాలి. ఇక్కడ భాష నిక్షేపంగా ఉంది. చచ్చేది మేమే.

మా అపార్టుమెంటు అసలు పేరు అమృతవల్లి టవర్స్. కిందటి ఉగాదినాడు అసోసియేషన్ ప్రెసిడెంటు ముక్తేశ్వర్రావు గారికి ఉన్నట్టుండి భాషాభిమానం పుట్టింది. ఆయన సర్వే శాఖలో ముప్పై రెండేళ్ళు గొలుసు లాగి రిటైరైన మనిషి. ఏది మొదలెట్టినా హద్దురాయి పాతేదాకా నిద్రపోరు. ఉగాది పచ్చడి తిన్న చేతులు కడుక్కోకముందే తీర్మానం చేయించేశారు. ఇకమీదట ఈ ఆవరణలో బోర్డులు, రసీదులు, అద్దె కాగితాలు, సమస్తం అచ్చతెలుగులోనే ఉండాలి. దాంతో టవర్స్ కాస్తా గోపురాలయ్యాయి. అమృతవల్లి గోపురాలు అన్న బోర్డు చూసి కొత్త ఆటోవాళ్ళు గేటు దగ్గర చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుని పోతున్నారు. ఒకావిడ కొబ్బరికాయ కొట్టేసి, ప్రసాదం ఎక్కడిస్తారని వాచ్‌మన్ సత్తిబాబుని నిలదీసింది. సత్తిబాబు ఇప్పుడు వాచ్‌మన్ కాదు, కావలిదొర. జీతం మాత్రం వాచ్‌మన్‌దే ఇస్తున్నారు.

మేం అద్దెకి దిగింది సరిగ్గా ఆ తర్వాతే. నా పేరు భానుమూర్తి, ఎరువుల కంపెనీలో స్టోర్‌కీపర్ని. మా ఆవిడ సుభాషిణి ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఇంట్లో మూడో మనిషి జున్ను. ఎనిమిదేళ్ళ కిందట వానలో తడుస్తూ సుభాషిణి స్కూటీ వెనకాల ఇంటిదాకా పరిగెత్తుకొచ్చిన ఊరకుక్క. మాకు పిల్లల్లేరు. ఆ మాట మాకు గుర్తు రాకుండా చూసుకునే పని ఎనిమిదేళ్ళుగా అదే చేస్తోంది.

అద్దె కాగితం ముక్తేశ్వర్రావు గారు స్వయంగా తెలుగు చేసి అచ్చు వేయించింది. నలభై ఫ్లాట్లకీ అదే. ఎనిమిదో అంశం: ఇంట కుక్క ఒకటి ఉండవచ్చును, నెలకు మూడు వందలు. తొమ్మిదో అంశం: పదకొండు నెలల గడువు తీరువరకు పెంపు లేదు. చదివి మురిసిపోయాను. ఇంత చిన్న వాక్యంలో అద్దెదారుకి ఇంత భద్రత ఇంగ్లీషులో దొరుకుతుందా అనుకున్నాను. నాలాంటి అమాయకుణ్ణి ఎరువుల గోడౌనులో ఎలా పెట్టుకున్నారో నాకే తెలీదు.

నాలుగో నెలలో మా ఓనరు వీరభద్రరావు గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన బియ్యం మిల్లు అమ్మేసుకుని, మా ఫ్లాటుకి సరిగ్గా పైన ఒక్కరే ఉంటారు. భార్య పోయి చాలాకాలమైంది. వేరే పనేం లేకపోవడం వల్ల ఆయన రోజంతా మా గురించే ఆలోచిస్తారు.

"వచ్చే నెల్నుంచి కుక్కకి పదిహేను వందలండి," అన్నారు.

"అదేంటండీ! మూడొందలని రాసుకున్నాం కదా."

"రాసుకున్నప్పుడు అది కొత్తదండి. ఇప్పుడు బాగా అలవాటు పడిపోయిందండి. లిఫ్టెక్కుతుంది, దిగుతుంది. బాల్కనీలో కూర్చుని మా ఇంటివైపే చూత్తా ఉంటది. అలా చూసీ చూసీ ఇల్లు పాతబడిపోదేటండీ?"

నేను అగ్రిమెంటు తెచ్చి తొమ్మిదో అంశం మీద వేలు పెట్టాను. ఆయన పెదాలు కదుపుతూ మూడుసార్లు చదువుకుని, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆ పూట జున్నుకి పెరుగన్నం ఇంకో గరిటె ఎక్కువే పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఆయన తలంటుకుని, బొట్టు పెట్టుకుని, పెళ్ళికి పిలవడానికొచ్చినట్టు నవ్వుకుంటూ వచ్చారు.

"పెంపు లేదనే కదండీ రాసుంది?"

"అవునండి."

"మరి మీరు పెంచుతున్నారు కదండీ, కుక్కని! పెంపు ఆపెయ్యండి. లేదంటే పదిహేనొందలు కట్టండి. ఆయ్."

నేను పగలబడి నవ్వాను. సాయంత్రానికి అసోసియేషన్ ముద్రతో విచారణ నోటీసు వచ్చాక నవ్వు ఆపేశాను.

విచారణ సెల్లారులో జరిగింది. స్కూటర్ల మధ్య బల్ల వేసుకుని, ముందు టేపు, పక్కన నిఘంటువు పెట్టుకుని కూర్చున్నారు ముక్తేశ్వర్రావు గారు. ఆయన అచ్చతెలుగు విన్నవాళ్ళకి అందులో తెలుగు ఎక్కడుందో వెతుక్కోవలసిన పని పడుతుంది.

"ఉభయ పక్షములు శాంతము వహించవలెను. నిఘంటువును సంప్రదించితిమి. పెంపు అనగా అధికము చేయుట. పెంపు అనగా పోషించుట కూడా. ఒక పదమునకు రెండు అర్థములు కలిగియుండగా ఒకదానిని విసర్జించుట ఆ పదమునకు తీరని అవమానము. కావున రెండర్థములును ఏకకాలమున అమలగును. గృహస్వామి రుసుమును పెంచరాదు. అద్దెదారు కుక్కను పెంచరాదు."

"అయ్యా, ఎనిమిదో అంశంలో కుక్క ఉండొచ్చని రాసుంది కదండీ?" అన్నాను.

"ఉండవచ్చును. పెంచరాదు."

"పెంచకుండా ఎలా ఉంటుందండీ?"

"ఉన్నది ఉన్నట్లుండవలెను. నేటి తూకమే హద్దు. ప్రతి ఆదివారము కొలత. నాలుగవ ఆదివారమునాడు హద్దు దాటినచో పెంపు జరిగినట్లే. కుక్క ఈ ఆవరణ విడిచిపోవలెను."

అప్పటికప్పుడు వీధి చివర రేషను షాపునుంచి కాటా తెప్పించారు. జున్ను ఇదేదో ఆట అనుకుని ఎక్కి కూర్చుంది, తోక ఊపింది. తోక ఊపినంతసేపూ ముల్లు నిలవలేదు. ఊపుడు బరువులోకి వస్తుందా రాదా అన్నదాని మీద అరగంట చర్చ జరిగింది. ఆఖరికి సత్తిబాబు తోక పట్టుకున్నాడు. పద్ధెనిమిది కిలోల రెండు వందల గ్రాములు. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టారు.

లిఫ్టులో సుభాషిణి జున్ను మెడ చుట్టూ చెయ్యేసి నేల మీదే కూర్చుండిపోయింది.

"ఎక్కడికి పంపిస్తామండీ దీన్ని? ఈ వయసులో దీన్ని ఎవరు తీసుకుంటారు?"

"పంపించాల్సిన అవసరం రాదులే, తిండి లెక్కగా పెడదాం," అన్నాను. కెమిస్ట్రీ మేష్టారమ్మకి ఆ మాట చాలు. మర్నాడే కాలేజీ నుంచి చిన్న త్రాసు తెచ్చి, జున్ను అన్నాన్ని గ్రాముల్లో తూచి, నోట్‌బుక్కులో రాయడం మొదలెట్టింది.

మొదటి ఆదివారం జున్ను పద్ధెనిమిదిన్నర దాటింది.

సుభాషిణి నమ్మలేదు. కాటా తప్పంది, రెండోసారి తూచారు, ఇంకో యాభై గ్రాములు కలిసింది. ఆ వారం అన్నం తగ్గించి దొండకాయ ముక్కలు పెట్టింది. నేను ఆఫీసుకి వెళ్ళేముందు దాన్ని కాలవగట్టు మీద రెండు మైళ్ళు పరిగెత్తించాను. రెండో ఆదివారానికి నేను మూడు కిలోలు తగ్గాను. జున్ను పంతొమ్మిదికి చేరింది. వీరభద్రరావు గారు కాటా పక్కనే నిలబడి, "అయ్యయ్యో, పెరిగిపోతందండీ పాపం," అన్నారు. ఆయన మొహంలో పాపం ఎంత వెతికినా కనబడలేదు.

ఆ కోపంలో నేను చేసిన పనే ఈ ఊళ్ళో పెద్ద గొడవైంది. రాత్రికి రాత్రే, అచ్చతెలుగులో ఒక అర్జీ రాశాను. అయ్యా, తొమ్మిదవ అంశము నలభై ఫ్లాట్ల కాగితములలోనూ కలదు. పెంపు అనగా కుక్క పెంపు మాత్రమేనా? మీసముల పెంపు లేదా? మొక్కల పెంపు లేదా? పిల్లల పెంపు మాట ఏమిటి? ఇది చదివి ముక్తేశ్వర్రావు గారు సిగ్గుపడి జున్నుని వదిలేస్తారని నా ఆశ.

ఆయన సిగ్గుపడలేదు. పొద్దున్నే వచ్చి నన్ను కౌగలించుకున్నారు. "మీ వంటి పౌరుడొక్కడున్న చాలును. మా కన్నులు తెరిపించితిరి," అని కళ్ళు తుడుచుకున్నారు. మధ్యాహ్నానికి పెంపు నిరోధక దళం ఏర్పడింది. గుర్తు కింద మెళ్ళో టేపు వేసుకుని ముగ్గురు సభ్యులు అంతస్తులవారీగా బయల్దేరారు.

ముందు సత్తిబాబు మీసం కొలిచారు. సోమవారం కొలతకీ బుధవారం కొలతకీ మధ్య నూలుపోగంత తేడా వచ్చింది. "నేనేం చెయ్యలేదండి బాబూ, అదే వచ్చేసిందండి," అని సత్తిబాబు మొత్తుకున్నా వినకుండా కత్తిరించారు. సత్తిబాబు రెండు రోజులు గేటు దగ్గర తుండుగుడ్డ మూతికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ప్రతి బాల్కనీలో మొక్కలకి సున్నంతో గీత గీశారు. గీత దాటిన కరివేపాకు జప్తు. నాలుగో అంతస్తులో ఒకాయన టీవీ వార్తలు గొంతు పెంచి వింటున్నాడని నోటీసిచ్చారు. ఆయన నోటీసు చదివి కోపంతో గొంతు పెంచాడు. దానికి ఇంకో నోటీసు ఇచ్చారు.

రెండో అంతస్తులో నీరజ గారి పాపకి అయిదో నెల. దళం ఉయ్యాల దగ్గర కాటా పెట్టింది.

"గత మాసము కంటే ఎనిమిది వందల గ్రాముల పెంపు. దీనికి మీ సంజాయిషీ?"

"పిల్లల్ని పెంచరేటండీ మరి?" అంది నీరజ.

"ఉంచుకొనుడు. మేము అభ్యంతరము చెప్పలేదు."

పాప అంతవరకూ నవ్వుతున్నదల్లా రిజిస్టరు మీద పాలు కక్కింది. దళం దాన్ని అధికారులకు ప్రతిఘటనగా నమోదు చేసుకుని వెళ్ళిపోయింది.

ఇంతవరకూ జనం ఊరుకున్నారు. మీసం పోతే మీసం వస్తుంది, కరివేపాకు బజార్లో దొరుకుతుంది. కానీ నాలుగో వారం శుక్రవారంనాడు లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించారు. ఆవరణయందు పెరుగు నిషిద్ధము. పెరుగు అను పదముననే పెరుగుట కలదు. పాలకు తోడు వేయుట పెంపునకు ప్రోద్బలముగా పరిగణింపబడును. మజ్జిగ పలుచన చేయబడినది గావున అనుమతించడమైనది.

"పెరుగు లేకుండా మజ్జిగ ఎలాగొస్తుందండీ?" అని ఎవరో అడిగారు.

"అది మా పరిధిలోనిది కాదు," అన్నారు ముక్తేశ్వర్రావు గారు.

కాకినాడలో మనిషిని ఏమైనా అనండి. భోజనం చివర పెరుగు మాత్రం ముట్టుకోకండి. శనివారం మధ్యాహ్నం నలభై ఇళ్ళలో చారన్నంతోనే విస్తళ్ళు ఎత్తారు. సాయంత్రానికి కొందరికి ఎక్కిళ్ళు కూడా వచ్చాయట. ఆదివారం పొద్దున్న సెల్లారులోకి జనం ఖాళీ గిన్నెలూ గరిటెలూ పట్టుకుని దిగారు. మీసం ఇచ్చాం, మొక్కలిచ్చాం, పెరుగివ్వం అని గిన్నెలు వాయించారు. సత్తిబాబు అందరికన్నా గట్టిగా వాయించాడు.

అదే మా నాలుగో ఆదివారం. జున్నుని తూచే రోజు. సుభాషిణి రాత్రంతా నిద్రపోలేదు. సంచిలో జున్ను దుప్పటీ, గిన్నె సర్దిపెట్టి, మళ్ళీ తీసేసి, మళ్ళీ సర్దింది. నాకు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. కుక్క అనగానే అందరికీ సిగ్నల్ పోయింది.

గిన్నెల మోతకి ముక్తేశ్వర్రావు గారు మొదటిసారి కాస్త కంగారుపడ్డారు. నిఘంటువు అటూ ఇటూ తిప్పారు. హఠాత్తుగా ఆయన మొహం వెలిగింది.

"నిశ్శబ్దము! సూక్ష్మము దొరికినది. పెరుగు వేరు, పెంపు వేరు. తానై పెరిగినది పెరుగు. పరులు పెంచినది పెంపు. తానై పెరిగిన దానికి అడ్డు లేదు. ఎవరైనా పూనుకొని పెంచినచో మాత్రమే అపరాధము."

జనం గిన్నెలు ఎగరేశారు. "మా పాప దానంతటదే పెరుగుతోందండీ," అని నీరజ అరిచింది. నాకు ఊపిరి వచ్చింది. జున్నుని కాటా ఎక్కించాం. ఇరవై కిలోల వంద గ్రాములు.

"ఇది కూడా తానై పెరిగిందేనండి," అన్నాను. సుభాషిణి నోట్‌బుక్కు బల్ల మీద పెట్టింది. ఇరవై ఎనిమిది రోజుల అన్నం, ముద్దముద్దా గ్రాముల్లో. ముక్తేశ్వర్రావు గారు కళ్ళజోడు సవరించుకుని చదివి, అంకెల చక్కదనానికి చలించిపోయారు.

వీరభద్రరావు గారు ఒక్క గెంతులో ముందుకొచ్చారు.

"గాలి తిని పెరుగుద్దేటండీ కుక్క? వీళ్ళు రాసిందంతా అబద్ధమండి. ఇన్ని కిలోలు ఎక్కిందంటే ఎవడో ఒకడు చేతులారా పెట్టాలి కదండీ! వాడెవడో తేల్చండి ముందు!"

ఆయన గొంతు వినగానే జున్ను చెవులు నిక్కబొడుచుకున్నాయి. కాటా దిగింది. నా మొహం చూడలేదు, సుభాషిణి మొహం చూడలేదు. తిన్నగా వెళ్ళి ఆయన ముందు కూర్చుని, ముందుకాళ్ళు ఆయన కడుపు మీద పెట్టి, లాల్చీ కుడిజేబులో మూతి దూర్చింది.

ఆయన కంగారుగా వంగి, గుసగుసగా, అయినా సెల్లారంతా వినబడేలా, "ఒరే జున్నూ, ఇక్కడ కాదురా నాన్నా! అందరూ చూత్తన్నారు," అన్నారు.

జేబులోంచి మూడు కాజాలు నేల మీద పడ్డాయి. జున్ను వాటిని మర్యాదగా, ఒకదాని తర్వాత ఒకటి, పాకంతో సహా పూర్తి చేసింది.

"వీరభద్రరావు గారూ," అన్నారు ముక్తేశ్వర్రావు గారు, "ఏమిది?"

ఆయన బల్ల ముందున్న కుర్చీలో కూలబడ్డారు.

"కూరగాయల బుట్టండి," అన్నారు. "పైనుంచి తాడు కట్టి దించుతాం గదండీ. వీళ్ళిద్దరూ పనికెళ్ళాక అందులో కాజాలు పెట్టి వీళ్ళ బాల్కనీలోకి దించానండి. బరువు పెరిగితే కుక్క పోవాలి, లేదంటే వీళ్ళొచ్చి పదిహేనొందలకి ఒప్పుకోవాలి. మొదటి రెండ్రోజులూ అందుకేనండి."

"తరువాత?"

"తర్వాత ఒంటిగంటకల్లా అది బాల్కనీలోకొచ్చి పైకి చూత్తా కూర్చునేదండి. నేను దించడం ఆలస్యమైతే ఓ మొరుగు మొరిగేది. ఆ టైముకి నాకోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరున్నారండి నాకు? కాసేపు కబుర్లు చెప్పుకునేవాళ్ళమండి. ఇంకా నాలుగు కాజాలు ఎక్కువెట్టానేగాని, మానబుద్ధి కాలేదండి. అది పోద్దనుకోలేదండి, ఆఖరికి వీళ్ళే పదిహేనొందలకి దిగొత్తారనుకున్నానండి."

నాకు ఒళ్ళు మండింది. మూడు వారాలు కాలవగట్టు మీద పరిగెత్తింది నేను. అదే సమయంలో, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు అసూయ కూడా కలిగింది. మాతో జున్ను ఎప్పుడూ అన్నేసి కబుర్లు చెప్పలేదు.

ముక్తేశ్వర్రావు గారు లేచి నిలబడి తీర్పు చెప్పారు.

"పెంపు జరిగినది. జరిపినవాడు గృహస్వామి. కుక్క అపరాధి కాదు, కేవలము తినినది. కావున కుక్క ఆవరణముననే ఉండును. కుక్క రుసుము పెంచినవారు చెల్లించవలెను గాని అద్దెదారు కాదు. ఎవరికి చెల్లించవలెను? గృహస్వామికి. కావున వీరభద్రరావు గారు నెలనెలా వీరభద్రరావు గారికి మూడు వందలు చెల్లించి, రసీదు పొంది, నకలు మాకు సమర్పించవలెను. గడువు లోపల వీరభద్రరావు గారు తమ వద్దనుండి అధిక మొత్తము కోరినచో, వీరభద్రరావు గారు మాకు ఫిర్యాదు చేయవచ్చును."

సుభాషిణి జున్నుని ఎత్తుకోబోయింది. ఇరవై కిలోలు లేవలేదు. దాని మెడలో మొహం దాచుకుని అక్కడే, ఆ స్కూటర్ల మధ్యే, పైకే ఏడ్చేసింది. నేనూ ఆపుకోలేకపోయాను. నీరజ ఎక్కడ దాచిందో ఇద్దరికీ పెరుగు గిన్నె తెచ్చిచ్చింది, ఏడుపుకి పెరుగెందుకో నాకు తెలీదు గానీ తాగేశాం.

మర్నాడు సాయంత్రం తలుపు తట్టిన చప్పుడైంది. వీరభద్రరావు గారు. తలంటుకోలేదు, బొట్టు పెట్టుకోలేదు. చేతిలో కాజాల పొట్లం, చంకలో కొత్త స్టాంపు పేపరు. గుమ్మం దాటకుండా అక్కడే నిలబడ్డారు.

"పదకొండు నెలలూ అయ్యాక ఖాళీ చేసేత్తారేటండి?" అన్నారు. గొంతులో ఓనరు ఎక్కడా లేడు.

"చూడాలండి," అన్నాను. "మధ్యలో రేట్లు మార్చే ఇళ్ళల్లో ఉండటం కష్టం కదండీ."

ఆయన స్టాంపు పేపరు నా చేతిలో పెట్టారు. స్వయంగా రాసుకొచ్చారు, వంకర అక్షరాలతో. ఇంకో మూడేళ్ళు ఇదే అద్దె. కుక్కకి రుసుము లేదు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి కుక్కను బాల్కనీలోకి వదలవలెను. గడువులోగా కుక్కను ఈ ఇంటినుంచి తీసుకుపోయే హక్కు అద్దెదారుకి లేదు.

నేను రెండుసార్లు చదివి సుభాషిణికి ఇచ్చాను. ఆవిడ ఒకసారే చదివింది. పెన్ను తీసి అడుగున ఇంకో వాక్యం చేర్చి ఆయన చేతికిచ్చింది. కాజాలు వారానికి రెండే.

జున్ను అప్పటికే గుమ్మం దగ్గర ఆయన కాళ్ళ మధ్య కూర్చుని పొట్లం వాసన చూస్తోంది. ఆయన ఆ వాక్యం చదివారు, జున్నుని చూశారు, పొట్లాన్ని చూశారు. నాలుగు నెలలుగా రూపాయి దగ్గర కూడా దిగని మనిషి, ఒక్క మాట బేరమాడకుండా, గోడకి ఆనించి సంతకం పెట్టేశారు.